పైఊరివాళ్ల కిటికీ

పెళ్లికొచ్చే చుట్టాలకి ఊరు చూపించే పని కండక్టరుకి అప్పగించడానికి ఇంట్లో ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. పెళ్లికూతురికి ఆయన స్వయానా మేనమామ. పైగా ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరి బస్సులో టిక్కెట్లు కోసిన మనిషి. స్టాపు పేరు పొడిగా అరిచి ఊరుకునే రకం కాదు. పోస్టాఫీసు దగ్గర "ప్రేమలేఖలున్నవాళ్లు దిగండి" అనేవాడు. కోర్టు దగ్గర "నిజం చెప్పేవాళ్లు ముందు, మిగతావాళ్లు తర్వాత" అనేవాడు. ఆస్పత్రి స్టాపులో మాత్రం నోరు మూసుకుని గంట కొట్టేవాడు. రిటైరయ్యాక కూడా ఊరంతా ఆయన్ని కండక్టరనే పిలిచింది. సొంత పేరు పింఛను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆయన గొంతు బస్సు చివరి సీటు దాకా మైకు లేకుండా వెళ్లేది. అలాంటి మనిషికి భార్య గొంతు గుర్తు లేకుండా పోయింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మొహానికేం, గోడ మీద ఫొటో ఉంది. మాటలూ గుర్తున్నాయి. ఏ మాట ఎప్పుడన్నదో, ఏ కూరకి ఏం వంక పెట్టిందో పొల్లుపోకుండా చెప్పగలడు. కానీ ఆ మాటల్ని తల్చుకుంటే అవి ఆయన సొంత గొంతులోనే వినబడేవి. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని, కళ్లు మూసుకుని ఎంత వెతుక్కున్నా అంతే. ఇది ఎవరితోనూ చెప్పుకోలేదు. పెళ్లాం గొంతు మర్చిపోయానని ఏ మొగుడు ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? ఒక్కసారి, ఒక్క మాట వింటే చాలని మాత్రం లోలోపల కొట్టుకుపోయేవాడు.

ఇక ఊరి సంగతి. నిజం చెప్పుకోవాలంటే అందులో చూడ్డానికేమీ లేదు. ఒక వంతెన, దాని కింద ఓ మోస్తరు నది, ఎప్పుడూ ఒకే టైము చూపించే గడియారం స్తంభం, చేపల బజారు. చెల్లెలు, అంటే పెళ్లికూతురి తల్లి, బతిమాలితే ఆయన వాటినే కాస్త ఉబ్బించి, ఏం చూడాలో, ఎక్కడ తినాలో అట్టల మీద అచ్చు వేయించాడు. చుట్టాలు దిగే ప్రతి గదిలోనూ మంచం పక్కన ఓ అట్ట పెట్టారు. భోజనానికి స్టేషనెదురు హోటలు ఊరంతటికీ తలమానికమని రాశాడు. దాని ఓనరు ఆయన స్నేహితుడు, అంతకు మించి కారణం లేదు. భార్య బతికున్న రోజుల్లో ఆ హోటలు ఊసెత్తితే మూతి విరిచేది. రుచి విషయంలో మొగుణ్ణి ఆవిడ ఎన్నడూ మనిషి కింద జమ కట్టలేదు.

మగపెళ్లివారు పెళ్లికి కాస్త ముందుగానే దిగారు. కండక్టరు వాళ్లని వ్యానులో ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. వంతెన దగ్గర ఫొటోలు తీసుకున్నారు. గడియారం దగ్గర ఆవలించారు. చేపల బజారు దగ్గర అద్దాలు ఎత్తేసుకున్నారు. పెళ్లికొడుకు పెదనాన్న లోకమంతా తిరిగొచ్చిన మనిషి, ఆ సంగతి ఎవరినీ మర్చిపోనివ్వడు. ఆయన సీట్లో వెనక్కి వాలి, "అంతేనా బావగారూ? మీ ఊళ్లో చూడ్డానికి ఇంకేమీ లేదా?" అన్నాడు. వ్యానులో నవ్వులు లేచాయి.

కండక్టరుకి తల కొట్టేసినట్టయింది. ఊరిని అంటే ఆయన్ని అన్నట్టే. అప్పుడు వ్యాను నది ఒడ్డున పాత ఉప్పు గిడ్డంగి పక్కనుంచి పోతోంది. అది ఎవరికీ అక్కర్లేని కట్టడం. లోపల మెట్లు కూలిపోయాయి, పై అంతస్తుకి నేల కూడా లేదు. గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి, పైన ఒంటి రెక్క వేలాడే కిటికీ ఒకటి ఉంది. ఆయన వ్యాను ఆపించాడు.

"ఆ కిటికీ చూశారూ?" అన్నాడు, ఆస్పత్రి స్టాపులో గంట కొట్టేటప్పటి మొహం పెట్టి. "మధ్యాహ్నం ఎండ ఇటు తిరిగాక అక్కడో ఆవిడ కనబడుతుంది. భయపెట్టదు, ఏమీ చెయ్యదు. భోంచేశారా అని అడుగుతుంది. ఎక్కడ తింటే బాగుంటుందో చెబుతుంది. అంతే."

మీరు చూశారా అని పెదనాన్న అడిగాడు. ఈ ప్రశ్న వస్తుందని కండక్టరుకి తెలుసు. బస్సులో పాతికేళ్లు కథలు చెప్పినవాడికి ఒక కిటుకు అబ్బింది. కథ అల్లితే దానికో తాళం కూడా వెయ్యాలి, ఎవడూ తలుపు తోసి లోపలికి చూడకుండా. "మాకెక్కడి అదృష్టం అండీ," అన్నాడు. "ఈ ఊరివాళ్లకి కనబడదు. పైఊరివాళ్లకే."

వ్యానులో అందరూ అద్దాలు దించారు. పెదనాన్న కూడా తల బయట పెట్టి కిటికీ వంక చూశాడు. కండక్టరుకి ఏనుగెక్కినంత సంబరమైంది. కథలో ఓ ఆడమనిషి కావలసివచ్చి నోటికొచ్చిన ఆడమనిషిని పెట్టాడు. ఆయన నోటికి వచ్చే ఆడమనిషి ఒక్కతేనని ఆయనకప్పుడు తట్టలేదు.

మర్నాడు సాయంత్రం పెళ్లింట్లో వంటల హడావిడి నడుస్తోంది. మగపెళ్లివారి పిల్లలిద్దరు, పెళ్లికొడుకు పినతండ్రి కూతుళ్లు, రొట్టెల పొట్లం పట్టుకుని లోపలికొచ్చారు. కండక్టరు గుమ్మంలోనే ఆపి, స్టేషనెదురు హోటల్లో భోజనం ఎలా ఉందని అడిగాడు. పెద్దది నవ్వింది. "అక్కడికి వెళ్లలేదు మావయ్యగారూ. ఆవిడ వద్దంది."

ఆయనా నవ్వాడు. తన కథని తన మీదికే తిప్పుతున్నారనుకున్నాడు. ఏ ఆవిడమ్మా అని వేళాకోళంగా అడిగాడు. కిటికీలో ఆవిడే అన్నారిద్దరూ. పోస్టాఫీసు వెనక రొట్టెల కొట్టుకి వెళ్లమందట. నడిమి ముక్క ఇస్తే తీసుకోవద్దు, మూకుడు గోడకి ఆనుకుని మాడిన అంచు ముక్క అడిగి మరీ తీసుకోండి అందట. ఎక్కడెక్కడో తిన్నాం గానీ ఇలాంటిది తినలేదు అంటూ చిన్నది పొట్లం విప్పి చూపించింది. లోపల అన్నీ అంచు ముక్కలే.

కండక్టరు చెల్లెలు కంచాల దొంతర మోసుకుంటూ అటు వెళ్తోంది. ఆవిడ నడక ఆగింది. కంచాలు బల్ల మీద పెట్టి, పొట్లం వంకా అన్న వంకా చూసింది. "వదిన," అని మాత్రం అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎందుకంటే ఆ ఊళ్లో రొట్టె అంచు ముక్క కోసం కొట్టువాడితో తగువు పెట్టుకున్న మనిషి ఒక్కతే. మిగతావాళ్లంతా అంచులు వదిలేసేవాళ్లే.

ఆడపిల్లలు ఆటపట్టించడానికి చెప్పారని సరిపెట్టుకోవచ్చు. అంచు ముక్క సంగతి కొట్టువాడు చెప్పి ఉంటాడనీ సరిపెట్టుకోవచ్చు. కండక్టరు అలాగే సరిపెట్టుకున్నాడు, పెదనాన్న వచ్చేదాకా. ఆయన ఆటపట్టించే మనిషి కాదు. పెరట్లో కండక్టరుని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, ఎవరితోనూ అనకండి బావగారూ అంటూ మొదలుపెట్టాడు. వంతెన కింద చేపలు వేయించే చోట మొదటి వాయి తినొద్దు, నూనె అప్పటికింకా కుదురుకోదు, రెండో వాయి దాకా ఓపిక పట్టండి అని చెప్పిందట. ఆ తర్వాత ఆయన లోపలికి తొంగి చూశాడట. ఆవిడ నిలబడడానికి అక్కడ నేల లేదట.

"ఎలా ఉందావిడ?" అన్నాడు కండక్టరు.

జడ ముందుకేసుకుని, కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించిందని చెప్పాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మన తల మీదుగా రోడ్డు చివరికి చూస్తూ ఉంటుందని చెప్పాడు. కండక్టరుకి అదేదీ అక్కర్లేదు. "గొంతు. గొంతు ఎలా ఉంది?"

పెదనాన్న ఆలోచించాడు. గొంతులాగే ఉందన్నాడు. లోకమంతా తిరిగిన మనిషికి అంతకన్నా మాట దొరకలేదు.

ఆ మర్నాడు ఎండ తిరిగే వేళకి కండక్టరు ఒక్కడూ గిడ్డంగి ముందుకెళ్లి నిలబడ్డాడు. పెళ్లి పనులు నెత్తి మీదున్నాయి, అయినా వెళ్లాడు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. పావురాలు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. అరగంట నిలబడినా కిటికీలోంచి అవతలి ఆకాశం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఉప్పు పేరుకున్న గోడకి చెవి పెట్టి విన్నాడు. మళ్లీ ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడి దూరం జరిగాడు. ఈ గిడ్డంగికీ తన భార్యకీ ఏ సంబంధమూ లేదు. బతికుండగా ఆవిడ ఈ చుట్టుపక్కలకి వచ్చినట్టు కూడా ఆయనకి గుర్తు లేదు. తను ఇక్కడ పెట్టాడు కాబట్టి ఇక్కడుంది. తను తాళం వేశాడు కాబట్టి తనకి కనబడ్డం లేదు.

కథ నాదే కదా, మార్చేస్తే పోతుందనుకున్నాడు. ఆ సాయంత్రం కొత్తగా దిగిన చుట్టాల్ని పోగుచేసి, కిటికీలో ఆవిడ ఇప్పుడు ఊరివాళ్లకి కూడా కనబడుతోందని గట్టిగా ప్రచారం చేశాడు. వాళ్లు మర్యాదగా విన్నారు. లేదండీ, పైఊరివాళ్లకేనట, మాకు మీవాళ్లే చెప్పారు అని ఆయన్నే దిద్దారు. పాలవాడు, బట్టలు ఇస్త్రీ చేసేవాడు, హోటలు ఓనరు, అందరూ అదే మాట. ఆ కథ ఆయన నోటినుంచి జారి చాలా దూరం వెళ్లిపోయింది. ఎవరు కల్పించారో కూడా ఎవరికీ గుర్తు లేదు. మా తాత చెప్పేవాడండీ అన్నాడు పాలవాడు, ఆయన మొహం మీదే.

పెళ్లయిన మర్నాడు పెళ్లికొడుకు నాయనమ్మ, నన్నెవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు అని అలిగింది. ముసలావిడకి చెవుడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినబడదు, తనూ అరిచినట్టే మాట్లాడుతుంది. కండక్టరు ఆవిడ్ని రిక్షాలో కూర్చోబెట్టుకుని నేరుగా గిడ్డంగి దగ్గరికి తీసుకెళ్లాడు. వంతెన, గడియారం ఏవీ చూపించలేదు.

ఎండ తిరిగింది. ముసలావిడ ఆయన చెయ్యి ఆసరా చేసుకుని కిటికీ కేసి చూసింది. చూస్తూ చూస్తూ మొహమంతా నవ్వయింది. "ఇంకా లేదమ్మా," అంది పైకి చూసి. అరవలేదు. పక్కింటి గోడ మీంచి పలకరించినట్టు, నెమ్మదిగా అంది. ఆ మనిషి అంత నెమ్మదిగా మాట్లాడడం పెళ్లింట్లో ఎవరూ వినలేదు. కిటికీ ఖాళీగా ఉంది. అందులో ఒక పావురం మాత్రం ఉంది.

"ఏమంటోందమ్మా?" అని ఆయన ముసలావిడ చెవిలో అరిచాడు.

"చెవిలో అరవకు బాబూ. నువ్వరుస్తుంటే ఆవిడ మాట వినబడ్డం లేదు."

ఆయన నోరు మూసుకున్నాడు. ముసలావిడ తలాడిస్తూ వింది. మధ్యలో పళ్లు లేవు కదమ్మా అంది, అయితే చారులో నానబెట్టుకుంటాలే అంది. ఆ మాటలకి జవాబులు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆయన ఎంత చెవులు రిక్కించినా నది చప్పుడు, రెక్క చప్పుడు, అంతే. ఆకలితో ఉన్నవాడు అద్దం అవతల తింటున్నవాళ్లని చూసినట్టు ముసలావిడ మొహం చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఉండబట్టలేక ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"నేనున్నానని చెప్పండమ్మా. మీ పక్కనే ఉన్నానని చెప్పండి."

ముసలావిడ పైకి చూసి చెప్పింది. ఒక క్షణం వింది. తర్వాత ఆయన వైపు తిరిగి, మొదటిసారి కాస్త భయం భయంగా చూసింది. "'మీ పక్కన ఎవరూ లేరు కదమ్మా' అంటోంది బాబూ."

తిరిగొస్తున్నప్పుడు రిక్షాలో ఆయన ఆవిడకి అంతా చెప్పేశాడు. కథ కట్టడం, తాళం వెయ్యడం, గొంతు మర్చిపోవడం. అరిచి చెప్పాలి కాబట్టి రోడ్డు మీద వెళ్లేవాళ్లు కూడా విన్నారు. వింటే విన్నారు. గొంతు ఎలా ఉందమ్మా అని అడిగితే, కాస్త జీరగా ఉంది, నిద్రలేచి ఇంకా మొహం కడుక్కోనట్టుంది అని చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని ఊహించుకోబోయాడు. జీరపోయిన తన గొంతే వినబడింది.

"నువ్వు పెట్టిన షరతేగా," అంది ముసలావిడ. "ఊరివాడివి కాకుండా పో."

అదెలా సాధ్యమని అడిగాడు. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే.

"మేమంతా అదే పని చేశాం బాబూ. పుట్టిన ఊరు వదిలేసి, ఇంకో ఊరెళ్లి అదే మా ఊరన్నాం. మొదట్లో నోరు తిరగదు. తర్వాత అదే అలవాటవుతుంది. మగాడివి, నీకు తెలీదంతే." రిక్షా దిగుతూ, "ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. ఆ తర్వాత పుట్టింటికెళ్లినా చుట్టానివే," అంది.

పెళ్లికూతుర్ని అత్తవారింట్లో దింపడానికి మేనమామ వెంట వెళ్లడంలో వింతేమీ లేదు. కానీ ఆయన ఇంటి తాళంచెవులు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టేసరికి ఆవిడకి విషయం అర్థమైంది. గదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది. ఆవిడ మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది. "వదిన లేదు అన్నయ్యా. నేనున్నాను."

"నీ గొంతు రోజూ వింటూనే ఉన్నాగా చెల్లాయ్," అన్నాడాయన. అన్న తర్వాత ఆ మాట ఎంత మోటుగా ఉందో ఆయనకే తెలిసింది. చెల్లెలు తాళంచెవులు కొంగున ముడేసుకుని, బస్సు కదిలేదాకా బయటికి రాలేదు.

కొత్త ఊళ్లో ఆయన మేనకోడలి వీధి చివర ఒక గది తీసుకున్నాడు. ఇంకో ఊరివాడు కావడం ఉద్యోగంలాంటి పనే, దానికీ మెళకువలున్నాయి. ఆ ఊరి బస్సుల నంబర్లు బట్టీపట్టాడు. ఆ ఊరి నీళ్లని తిట్టడం నేర్చుకున్నాడు, ఎందుకంటే ఏ ఊరివాడైనా ముందు తిట్టేది నీళ్లనే. బార్బరు షాపులో కూర్చుని అక్కడి మునిసిపాలిటీ మీద అభిప్రాయాలు చెప్పాడు. మొదట్లో మా ఊళ్లో అయితేనా అని నాలుక చివరిదాకా వచ్చేది, కొరుక్కునేవాడు. మేనకోడలు అప్పుడప్పుడూ దిగులుపడి, అమ్మ అడుగుతోంది మావయ్యా, వెళ్లొద్దామా అనేది. ఇంకా కాదులే అనేవాడు.

చెల్లెలు ఫోన్ చేసేది. మొదట తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత మామూలుగా కబుర్లు చెప్పింది. కబుర్లు రానురాను పొట్టివయ్యాయి. ఒకసారి ఫోనెత్తి ఆయన హలో అనగానే అటువైపు నుంచి, "ఎవరండీ?" అంది. ఫోను చేసింది ఆవిడే. లైను బాగాలేదేమోనని ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆవిడ ఫోన్ చెయ్యలేదు.

కొన్నేళ్లకి ఒకరోజు బస్టాండులో ఎవడో దారి అడిగితే, "మా ఊళ్లో ఆ బస్సు ఇక్కడ ఆగదండీ, అటు వెళ్లండి," అన్నాడు. అన్నాక ఉలిక్కిపడ్డాడు. మా ఊరంటే ఈ ఊరే. ఎక్కడా తడబడకుండా, తడుముకోకుండా వచ్చేసింది. గదికి వెళ్లి సంచి సర్దుకుని, దొరికిన బస్సెక్కాడు.

పాత ఊళ్లో దిగేసరికి ఎండ నడినెత్తి మీదుంది. బస్టాండు బయట ఆటోవాడు ఎదురొచ్చాడు. వాడికి పిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రికి పరిగెత్తినవాళ్లలో కండక్టరూ ఉన్నాడు. "ఏ ఊరండీ? గది చూపించమంటారా?" అన్నాడు వాడు. పరాచికమేమోనని కండక్టరు నవ్వాడు. వాడు నవ్వలేదు. చూడ్డానికి వంతెనుంది, గడియారముంది, ఇంకా ఉప్పు గిడ్డంగి అని ఒకటుంది, పైఊరివాళ్లు చూసి తీరాలి అని వరసగా చెప్పుకుపోయాడు. ఆయన వద్దని నడక సాగించాడు.

నడిచినంత మేరా అదే తంతు. ఇస్త్రీ బండివాడు తలెత్తి చూసి, కొత్తవాణ్ణి చూసినట్టే చూసి తల దించుకున్నాడు. హోటలు ఓనరు గుమ్మంలో నిలబడి, రండి సార్, ఊళ్లో ఇదే మంచి హోటలు అని పిలిచాడు. పాతికేళ్ల స్నేహితుడు. ఇక తను పైఊరివాడేనని కండక్టరుకి అర్థమైంది. అయినా నేరుగా గిడ్డంగికి వెళ్లలేదు. కాళ్లు చెల్లెలి ఇంటి వైపు తిరిగాయి.

ఆవిడ పెరటి తీగ మీద బట్టలు ఆరేస్తోంది. ఆయన గేటు దగ్గర ఆగాడు. చెల్లెలు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. జుట్టు నెరిసింది. ఆయన మొహంలోకి బాగా చూసింది. ఒక్క క్షణం ఏదో గుర్తు చేసుకోబోతున్నట్టు నుదురు ముడిపడింది.

"ఎవరు కావాలండీ?"

చెల్లాయ్, నేనే. రెండు మాటలు చాలు. ఈ రెండు మాటలూ అంటే ఆవిడకి గుర్తొస్తుందని, గేటు తెరుచుకుంటుందని, తిట్లూ అన్నమూ వరసగా వస్తాయని ఆయనకి బాగా తెలుసు. ఊరు ఊరంతా మళ్లీ కండక్టరూ అని పిలుస్తుంది. గిడ్డంగి కిటికీలో పావురం కూర్చుంటుంది. చెల్లెలంటే ప్రాణమే. కానీ ఇంత దూరం వచ్చాడు.

"ఎవరూ కాదండీ. ఇల్లు పొరబడ్డాను," అన్నాడు.

ఫరవాలేదండీ అంది చెల్లెలు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గేటు దగ్గరే నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆవిడకీ తెలియదు. తర్వాత వెళ్లి మిగిలిన బట్టలు ఆరేసింది.

గిడ్డంగి దగ్గరికి వచ్చేసరికి ఎండ అప్పుడే తిరుగుతోంది. ఆయన కిటికీ వంక చూడడానికి భయపడి కాసేపు నేల చూపులు చూశాడు. చెప్పుల దగ్గర ఉప్పు తెల్లగా పొర కట్టి ఉంది. పైన రెక్క ఒకసారి చప్పుడైంది.

"భోంచేశారా?"

జీర అన్నారు, నిద్రలేచిన గొంతన్నారు. వాళ్లకేం తెలుసు. అది ఆవిడ గొంతు. ఇన్నేళ్లూ ఆయన తల్లో పడి ఉన్న ఆవిడ మాటలన్నీ, కూరకి పెట్టిన వంకలు, విసుగులు, నవ్వులు, ఒక్కసారిగా వాటి వాటి గొంతు తెచ్చుకుని లేచాయి. అక్కడే ఒక రాయి మీద కూలబడి తలెత్తాడు. జడ ముందుకేసుకుని, గట్టు మీద మోచేతులు ఆనించి కూర్చుంది. పోయినప్పటి వయసే. ఇప్పుడు ఆయన పక్కన నిలబెడితే కూతురనుకుంటారు.

"ఇంకా లేదండీ," అన్నాడు. ఆయన గొంతు ఆయనకే వినబడీ వినబడనట్టు వచ్చింది.

ఏ ఊరని అడిగింది. ఆయన మేనకోడలి ఊరి పేరు చెప్పాడు. చాలా దూరం నుంచి వచ్చారు పాపం అంది. రొట్టెల కొట్టు గురించి చెప్పింది, చేపల రెండో వాయి గురించి చెప్పింది. తెలిసిన సంగతులే, అయినా ఆయన ప్రతిదానికీ అలాగా అన్నాడు, ఇంకా చెప్పించుకున్నాడు. టీ ఎక్కడ తాగాలి, పెరుగు ఎక్కడ పుల్లబడకుండా దొరుకుతుంది, ఏ కొట్టువాడు చిల్లర మాటలు మాట్లాడతాడు. ఆవిడ మాట్లాడుతూ ఉంటే కళ్లవెంట నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. ఆవిడ చూసినా, ఎండకి కాబోలనుకుంది.

"స్టేషనెదురు హోటలుకి మాత్రం వెళ్లకండి," అంది చివరికి. "అక్కడ బాగుంటుందని మా ఆయన అందరికీ చెబుతాడు. ఆయనకి నాలుక లేదు."

కండక్టరు నవ్వాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఆవిడా నవ్వి, ఆయన తల మీదుగా రోడ్డు చివరికి చూసింది. మోచేతుల మీద బరువు మార్చుకుని మళ్లీ చూసింది.

"ఎవరి కోసమండీ చూస్తున్నారు?"

"మా ఆయన కోసమే. బస్సు కండక్టరు. డ్యూటీ దిగి ఇటే రావాలి. ఎంతసేపటికీ రావడం లేదు." ఆవిడ ఆయన వైపు వంగి, కొత్తవాళ్లని సాయం అడిగేటప్పుడుండే మొహమాటంతో, "ఊళ్లో తిరుగుతారు కదా, మీకెక్కడైనా కనిపిస్తే కాస్త చెబుతారా? నేనిక్కడే ఉన్నానని. ఎదురుచూస్తున్నానని," అంది.

ఆయన నోరు తెరిచాడు. నేనేనే అంటే ఊరివాడైపోతాడు. ఊరివాడైతే కిటికీ ఖాళీ. మీ పక్కన ఎవరూ లేరు కదండీ అని ఇంకో పైఊరివాడితో అంటుంది, అదీ ఆయనకి వినబడదు. ఆవిడ్ని పేరు పెట్టి పిలిచేస్తానన్నంత దాకా వచ్చి, ఆగాడు.

"కనిపిస్తే చెబుతానండీ," అన్నాడు.

ఆవిడ సంతోషించింది. మర్చిపోకండేం అని, ఆయన తల మీదుగా మళ్లీ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.